నీడలో ఆరాల్సిన తోలు

మొన్న జగ్గయ్యపేటలో మా ఆడపడుచు కూతురి పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళివారు బెజవాడ నుంచి బ్యాండు మేళాన్ని పిలిపించారు. ఆ మేళంలో ఒకతను కుర్చీ వేసుకుని, చుట్టూ నాలుగు డ్రమ్ములు పెట్టుకుని, అన్నిటికన్నా పెద్దదాన్ని కాలితో కొడతాడు. అట్లాంటిది నేను చూడటం అదే మొదలు. పెళ్ళి ఇంకో గంట ఉందనగా ఒక డ్రమ్ము తోలు చిరిగింది. అతనేమీ కంగారుపడలేదు. సంచిలోంచి ఒక కాగితం పొట్లం తీసి విప్పాడు. అందులో తెల్లగా పలచగా ఒక ప్లాస్టిక్ మూత ఉంది. చిరిగింది ఊడదీసి, కొత్తది పెట్టి, చిన్న తాళంచెవి లాంటి దానితో అంచు చుట్టూ ఉన్న స్క్రూలను ఒకదాని తర్వాత ఒకటి బిగించుకుంటూ పోతున్నాడు.

నేను పందిట్లో తమలపాకులు తుడుస్తూ చూస్తున్నాను. నా నోరు ఊరుకోలేదు.

"అట్లా వరసన కాదు నాయనా. ఒకటి బిగించాక దాని ఎదురుది బిగించు. లేకపోతే ఒక పక్కకి లాగేస్తది."

అతను మీసాలున్న మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి వయసువాడు. నా వైపు వింతగా చూశాడు. "మీకెట్లా తెలుసు అత్తమ్మా? మీ ఇంట్లో మేళం ఉందా ఏంటి?"

"ఈ ఊళ్ళోనే ఒకాయన ఉన్నాడు. తాళ్ళ డ్రమ్ములకి తోళ్ళు ఎక్కిస్తాడు. ఆయన అట్లా చేసేవాడు."

"ఆ ముసలాయనా? పోయాడు కదండీ. పోయినేడు వానల్లో. మా మేస్త్రీ ఆయన దగ్గరే పని నేర్చాడు." అంటూనే అతను ఎదురు స్క్రూ బిగించాడు. వేలితో తట్టి విని తల ఊపాడు.

ఆ తర్వాత పెళ్ళిలో నా మనసు నిలవలేదు. ప్రమాణాలు జరుగుతుంటే రెండుసార్లు లేచి బయటికి వచ్చాను. పోయినేడు పోయాడంటే, ఏడాది పాటు నేను బతికున్న మనిషి కోసం చేసినట్టే ప్రార్థన చేస్తున్నాను. నాకు కబురు పంపాలని ఎవరికీ తోచి ఉండదు. తోచడానికి నేను ఆయనకు ఏమవుతాను గనక.

నందిగామలో మావారు మిషన్ బడిలో మాస్టారు. ఆ బడికి ఎప్పటిదో ఒక బ్యాండు ఉండేది. ఒక పెద్ద డ్రమ్ము, రెండు చిన్న డ్రమ్ములు, ఒక జత రేకు తాళాలు. మా చర్చి గుడిలో పాటలకీ ఊరేగింపులకీ కూడా అవే. వాటిని చూసుకునే పని మావారిది, పాట ఎత్తుకునే పని నాది. నేను బడి గడప తొక్కిన దాన్ని కాదు. మా నాన్న ఇంట్లోనే కూర్చోబెట్టి, బైబిలు వాక్యం చదివిస్తూ అక్షరాలు నేర్పాడు. అయినా మాస్టారి భార్యను కాబట్టి ఊళ్ళో అందరూ పంతులమ్మగారూ అనేవారు. జగ్గయ్యపేట తోళ్ళాయన ఒక్కడే అమ్మాయ్ అనేవాడు. నేను బాబాయ్ అనేదాన్ని.

ఆ డ్రమ్ములకు స్క్రూలు లేవు. పీపా లాంటి కర్ర గుల్ల, దాని రెండు మూతులకూ మేకతోలు, ఆ తోళ్ళను పట్టి ఉంచే కర్ర చట్రాలు, పై చట్రానికీ కింది చట్రానికీ మధ్య అటూ ఇటూ అల్లిన తాడు. తాడు మీద చిన్న తోలు పట్టీలుంటాయి. వాటిని కిందికి జారిస్తే తాడు బిగుస్తుంది, తోలు గట్టిగా పలుకుతుంది. ఏడాదికో రెండేళ్ళకో తోలు చిరిగేది. జగ్గయ్యపేటకు కార్డు రాస్తే ఆయన పొద్దున బస్సుకు దిగేవాడు.

ఆయనది కుదురుగా ఉండే ఒళ్ళు కాదు. బస్సులో సీటున్నా కూర్చోడట. నందిగామ దాకా కమ్మీ పట్టుకుని కండక్టరుతో పాటు అటూ ఇటూ తిరుగుతాడట. మా ఇంటికొస్తే పీట వేసేదాన్ని. ఆయన పీట చుట్టూ తిరిగేవాడు. మజ్జిగ ఇస్తే గ్లాసు పట్టుకుని పెరట్లో మూడు చుట్లు తిరిగి తాగేవాడు. ఆయన వెళ్ళాక గ్లాసు వెతుక్కోవడం నాకొక పని. ఒకసారి బావి గట్టు మీద దొరికింది, ఒకసారి కోళ్ళ గంప మీద.

చేతులు మాత్రం వేరే మనిషివి. నానబెట్టిన తోలును రెండు చేతులా పట్టుకుని వెలుతురుకెత్తి చూసేవాడు, తర్వాత వాసన చూసేవాడు. "ఇది వత్సవాయి మేక. పత్తి చేలల్లో పడి తిరిగింది. మొండిది, నిదానంగా దారికొస్తది," అనేవాడు. నిజమో కాదో మేము ఎట్లా చెప్పగలం. మావారు మాత్రం "మేక పేరు కూడా చెప్పు బాబాయ్" అని ఏడిపించేవారు. "పేరు పెట్టుకుంటే కొయ్యలేం మాస్టారూ" అని పని మీదే కళ్ళుంచి జవాబు చెప్పేవాడు.

విరిగిపోయిన గరిట కాడ ఒకటి ఎప్పుడూ ఆయన మొలలో ఉండేది. తడి తోలు అంచును చట్రం కిందికి మడిచి ఆ కాడతో లోపలికి దోపుతుంటే, దిండు గలీబులోకి గుడ్డ దోపినంత తేలిగ్గా పోయేది. ఆరిపోతోందనిపిస్తే నోటినిండా నీళ్ళు పోసుకుని తోలు మీద బుస్సున చిమ్మేవాడు. బిగించేటప్పుడు ఒక పట్టీ లాగితే తర్వాత లాగేది దాని ఎదురు పట్టీయే. అందుకోసం డ్రమ్మును తిప్పేవాడు కాదు. తనే దాని చుట్టూ తిరిగి వెళ్ళేవాడు.

శ్రుతికి ఆయన హార్మోనియం అడిగేవాడు కాదు. నన్ను పిలిచేవాడు. "పాట మొదలు నాకొద్దమ్మాయ్. గొంతు పైకి పోయే చోటుంటది చూడు, అది పాడు." నేను పాడుతుంటే అంచుకు అంగుళం ఇవతల ఉంగరపు వేలి గోరుతో తట్టుకుంటూ డ్రమ్ము చుట్టూ తిరిగేవాడు. "నీ గొంతు ఎక్కి నిలబడేదానికి ఇది పీటలా ఉండాలి. పీట ఎత్తయిందనుకో, నువ్వు పడతావు," అనేవాడు. ఆదివారం ఆ డ్రమ్ము మోగుతుంటే నిజంగానే కాళ్ళ కింద ఏదో ఉన్నట్టుండేది. దానికి నేను ఎన్ని ఆదివారాలు దేవునికి స్తోత్రం చెప్పుకున్నానో లెక్కలేదు.

అంతా బిగించాక ఒక తంతు ఉండేది. కర్ర మావారి చేతికిచ్చి, "కొడుతూ ఉండండి మాస్టారూ" అని ఆయన వీధిలోకి నడిచి పోయేవాడు. డ్రమ్ము పక్కనున్నవాడికి డ్రమ్ము వినపడదని ఆయన మాట. ఎంత దూరాన శబ్దం పగలకుండా వస్తుందో చూసుకుని తిరిగొచ్చి, ఒకటి రెండు పట్టీలు సర్దేవాడు. ఒకసారి మావారు అరగంట కొట్టారు. ఆయన రాలేదు. చుట్టుపక్కల వాళ్ళు ఊరేగింపేమోనని బయటికొచ్చారు. మావారి చెయ్యి పడిపోయింది. మర్నాడు జగ్గయ్యపేట నుంచి ఎవరో కబురు తెచ్చారు. బస్టాండు దాకా శబ్దం చక్కగా వచ్చిందట, అంతలో బస్సు కూడా వచ్చిందట, ఎక్కేశాడట. "బాగోకపోతే ఎక్కుతానా అని చెప్పమన్నాడండి," అన్నాడు కబురు తెచ్చినతను.

బాబాయి బాప్తిస్మం తీసుకున్న మనిషే. ఆదివారం నందిగామలో ఉంటే గుడికి వచ్చేవాడు, పాటలయ్యేదాకా తలుపు దగ్గర నిలబడేవాడు. ప్రసంగం మొదలవగానే కనపడేవాడు కాదు. పాదిరిగారు ఒకరోజు పట్టుకుని అడిగారు. "ఎక్కడికయ్యా వెళ్ళిపోతావు, వాక్యం చెప్పేటప్పుడు?"

"ఎక్కడికీ లేదండి. మీ మాట రోడ్డు దాకా వస్తందా లేదా అని చూస్తన్నా."

"వస్తోందా?"

"సగం వస్తందండి."

ఒక ఏడు మా కొత్త గుడి ప్రతిష్ఠ పెట్టుకున్నారు. వానాకాలం. బిషపుగారు వస్తున్నారు, బస్టాండు నుంచి గుడి దాకా బ్యాండుతో ఊరేగింపు. పెద్ద డ్రమ్ముకు కొత్త తోలు పడాలి. మా సంఘపెద్దగారికి ఈ తాళ్ళ డ్రమ్ములంటే గిట్టేది కాదు. బెజవాడలో స్క్రూల డ్రమ్ములు దొరుకుతున్నాయని, తోలు కంపూ లేదూ పేట నుంచి మనిషి కోసం ఎదురుచూపులూ లేవని ప్రతి కూడికలోనూ అనేవారు. చివరికి మావారితో తేల్చి చెప్పారు. "ఈసారికి చూద్దాం మాస్టారూ. ప్రతిష్ఠ రోజున అది సరిగ్గా మోగకపోతే ఇక ఆయన్ని పిలిచేది లేదు."

ఆ మాట మావారు ఆయనకు దాచకుండా చెప్పారు. నందిగామ మానేస్తే రోడ్డు పొడుగునా ఉన్న మిగతా బడులూ మానేస్తాయని ఆయనకు తెలుసు. అందరూ మమ్మల్ని చూసే ఆయనకు డ్రమ్ములు పంపేవారు. ఆయనకు తోలు పని తప్ప వేరే పని లేదు. విని, వసారాలో నాలుగడుగులు అటూ నాలుగడుగులు ఇటూ వేసి, "మంచి తోలే తెచ్చా" అన్నాడు.

బడి కప్పు కారుతోందని డ్రమ్మును మా వసారాలోనే పెట్టారు. మంగళవారం సాయంత్రం తోలు ఎక్కించడం పూర్తయింది. ముసురు పట్టి ఉంది.

"మూడు రోజులు నీడలో ఆరాలమ్మాయ్. తడి దానంతటది పోవాలి. ఎండ వచ్చినా తగలనీకు. ఎండ బతిమాలినా తగలనీకు."

"నువ్వే ఉండిపో బాబాయ్. వసారాలో మంచం వేస్తా."

"మూడు రోజులా? ఒక్కచోటా?" ఆ మాట అంటూనే చెప్పుల్లో కాళ్ళు పెట్టేశాడు. "కంచికచర్లలో పనుంది. శనివారం పొద్దున్నే వస్తా. బిగించి, నీ చేత పాడించి పోతా."

బుధవారం, గురువారం వాన తెరిపి ఇవ్వలేదు. తోలు మీద చెయ్యి వేస్తే చల్లగా మెత్తగా ఉంది. ఆ డ్రమ్ము ఆరాలని ఇంట్లో పూటపూటా ప్రార్థన చేశాను. శుక్రవారం మధ్యాహ్నం మబ్బు విడింది. ఎండ వచ్చి సరిగ్గా మా వాకిట్లో పడింది.

నేను దాన్ని జవాబు అనుకున్నాను. ఆయన చెప్పిన మాట మరిచిపోయి కాదు. గుర్తుంది. కానీ అడిగిన దాన్ని దేవుడు వాకిట్లోకి తెచ్చి పెడితే తలుపు వేసుకోవడం కృతఘ్నత అనిపించింది. స్తోత్రం చెప్పుకుంటూ డ్రమ్మును దొర్లించి ఎండలో నిలబెట్టాను. గంట గడిచిందో లేదో, బియ్యం ఏరుతున్న దాన్ని, టప్‌మని శబ్దం విన్నాను. వెళ్ళి చూస్తే అంచు వెంట జానెడు పొడుగున తోలు పగిలింది.

సాయంత్రం మావారికి చెప్పాను. ఆయన పగులును వేళ్ళతో కొలిచి చూశారు. "రేపు బాబాయి రానీ, చెబుదాం," అన్నారు.

శనివారం పొద్దున బాబాయి, సంఘపెద్దగారు ఒక్కసారే గుమ్మంలో అడుగు పెట్టారు. బాబాయి డ్రమ్ము ముందు ఆగాడు. ఎండ పడ్డ వైపు తోలు గాజులా మెరుస్తోంది, నీడన ఉన్న వైపు పాలలా ఉంది. అటొకసారి, ఇటొకసారి గోరుతో తట్టాడు. తల ఎత్తి నన్ను ఒక్క క్షణం చూశాడు.

"ఇదేనా నీ పని?" అన్నారు సంఘపెద్దగారు. "రేపు బిషపుగారి ముందు దీన్ని కొడతామా?"

"ముసలి మేకదండి. అమ్మినోడు నాకు అంటగట్టాడు. చూసుకోలా. నా తప్పే."

"కళ్ళు మందగించినట్టున్నాయి."

"కళ్ళు బానే ఉన్నాయండి. ముక్కే పనిచెయ్యలా."

నేను నోరు తెరిచాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. మావారు నేల చూస్తున్నారు. సంఘపెద్దగారు చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. వీధి మలుపు తిరిగేదాకా చూసి, "బాబాయ్" అన్నాను.

"రేపు పాడాల్సిన దానివి. ఇప్పుడు ఏడిచావంటే గొంతు కిందికి పోద్ది. అప్పుడు నేను డ్రమ్మునెక్కడ పెట్టుకోను? నీళ్ళు తే."

ఊడదీసిన పాత తోలునే మళ్ళీ తడిపి, చిరిగిన చోటు అంచు కిందికి పోయేట్టు లాగి ఎక్కించాడు. ఒక్క రోజులో అది ఏం ఆరుతుంది. ఆదివారం ఊరేగింపులో పెద్ద డ్రమ్ము తడి బస్తా మీద కొట్టినట్టు మోగింది. దెబ్బ పడినప్పుడల్లా సంఘపెద్దగారు వెనక్కి తిరిగి చూశారు. బాబాయి మాకు చాలా ముందుగా, ఒంటరిగా, ఒక్కసారి కూడా తిరిగి చూడకుండా నడిచాడు. ఆ పూట ప్రార్థనలో నేను ఆయన ఆడిన అబద్ధానికి కూడా స్తోత్రం చెప్పుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ కూర్చున్న చోట కూర్చోలేను.

మూడో వారానికి బెజవాడ నుంచి స్క్రూల డ్రమ్ములు వచ్చాయి. అదే వారం మావారు ఇంకో మాట మోసుకొచ్చారు. జగ్గయ్యపేట బడివాళ్ళు కూడా ఆయన్ని పిలవడం మానుకున్నారట. ముసలి తోళ్ళు వేస్తున్నాడని అనుకుంటున్నారట.

ఆ ఆదివారం గుడిలో సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. నేను ప్రతి వారం లేచేదాన్నే. జ్వరం తగ్గిందనో, ఆవు ఈనిందనో కృతజ్ఞత చెప్పేదాన్ని. అందుకని ఎవరూ తల తిప్పలేదు. డ్రమ్మును ఎండలో పెట్టింది నేనని, తోలులో దోషం లేదని, ఆయన నా తప్పు నెత్తిన వేసుకున్నాడని చెప్పాను. అప్పుడు అందరూ తిరిగి చూశారు. సంఘపెద్దగారు గొంతు సవరించుకున్నారు. "సరేనమ్మా. దేవుడు క్షమిస్తాడు. డ్రమ్ములు ఎటూ వచ్చేశాయి కదా," అన్నారు. బ్యాండు బాధ్యత మరుసటి నెల మావారి చేతిలోంచి ఇంకొకరికి పోయింది. మావారు నన్ను ఒక్క మాట అనలేదు.

సాక్ష్యం చెప్పిన మర్నాడే ఇద్దరం బస్సెక్కి పేటకు వెళ్ళాం. ఆయన తన సందు మొదట్లోనే ఎదురయ్యాడు. నేను చెప్పబోయేది అప్పటికే ఆయన చెవిన పడింది.

"చెప్పేశావంట."

"చెప్పా బాబాయ్. నువ్వు నాకోసం నింద మోశావు, నేను మూడు వారాలు..."

"నీకోసమని ఎవరన్నారు?"

నాకు అర్థం కాలేదు. ఆయన సందులో అటు నడిచి ఇటు తిరిగొచ్చాడు.

"తడి డ్రమ్ము వదిలి పోయిందెవరు? కంచికచర్లలో నాకు పనేం లేదు. మీ బస్టాండులో టీ తాగి, వచ్చిన బస్సెక్కి పోయా. మూడు రోజులు ఒక్కచోట ఉండలేక. మా నాయన తోలు ఆరేదాకా దాని పక్కనుంచి లేచేవాడు కాదు. నేను ఇంటావిడకి అప్పజెప్పి పోయా. అది తెలిస్తే ఈ రోడ్డు మీద ఎవడన్నా నాకు డ్రమ్మిస్తాడా? ముసలి తోలంటే నింద ఆ ఒక్క తోలుతో పోద్దనుకున్నా. నువ్వు గుడిలో నిలబడి ఊరందరికీ చెప్పొచ్చావు."

"మరి నా వైపు చూశావు కదా బాబాయ్. అప్పుడే తెలిసిపోయింది నీకు."

"ఎండలో పెట్టింది నువ్వా, మాస్టారా అని చూశా. మాస్టారైతే చెప్పేవాణ్ణే."

మావారు పక్కకు తిరిగి నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయారు. నాకు నవ్వు రాలేదు. మూడు వారాలుగా ఆయన దయకు కృతజ్ఞత చెప్పుకుంటున్నాను. అందులో సగం దయ, సగం సిగ్గు అని అక్కడ సందులో నిలబడి తెలుసుకున్నాను. కృతజ్ఞత తగ్గలేదు. కానీ దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చేతులు ఖాళీగా అనిపించాయి.

"రా బాబాయ్, హెడ్మాస్టరుగారి దగ్గరికి పోదాం," అన్నారు మావారు.

పేట బడి హెడ్మాస్టరుగారు మావారికి తెలిసినాయనే. వాళ్ళ పెద్ద డ్రమ్ముకూ తోలు చిరిగి ఉంది. జరిగింది అంతా విన్నారు. బాబాయి గది బయట, వరండాలో తిరుగుతున్నాడు. హెడ్మాస్టరుగారు లోపలినుంచే అడిగారు.

"తోలు మంచిదేనంటావు. మంచిదే అనుకుందాం. ఆరేదాకా ఇక్కడే ఉంటావా?"

వరండాలో అడుగుల చప్పుడు ఆగింది.

"ఎన్ని రోజులండి?"

"అది నువ్వే చెప్పాలి."

ఆయన గేటు వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. "మూడు," అన్నాడు. ఆ అంకె ఆయన నోటినుంచి వస్తుంటే పన్ను పీకించుకుంటున్న మనిషిలా ఉన్నాడు. మేము సాయంత్రం బస్సుకు నందిగామ వచ్చేశాం. ఆ మూడు రోజులూ నేను ఇంట్లో ఏ పని మీదా నిలవలేకపోయాను. ఆయన ఏ బస్సూ ఎక్కకూడదని, ఎక్కితే ఇక ఆయన చేతికి డ్రమ్మిచ్చే బడి ఈ రోడ్డు మీద ఉండదని, కూరలో ఉప్పు వేస్తూ కూడా అదే ప్రార్థన.

తర్వాత నెలలో మాస్టర్ల సమావేశానికి హెడ్మాస్టరుగారు నందిగామ వచ్చి మా ఇంట్లో భోజనం చేశారు. నేను వడ్డిస్తూ, అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాను.

"ఉన్నాడమ్మా," అన్నారు ఆయన. "రెండు రోజులు వాన, బానే ఉంది. మూడో రోజు పొద్దున ఎండ కాసింది. వరండాలోకి వచ్చేస్తోంది. ఎండ ఒక అడుగు జరిగితే ఆయన డ్రమ్మును ఒక అడుగు జరుపుతున్నాడు. పది గంటలకి గోడకి ఆనుకున్నాడు, ఇక జరపడానికి చోటు లేదు. తలుపు తోసుకుని మా తరగతిలోకే తెచ్చేశాడు. పిల్లల మధ్యలో తడి తోలు, ఆ వాసనా. ఏం చెయ్యను? పిల్లల్ని బయట కూర్చోబెట్టి లెక్కలు చెప్పుకున్నాం."

"మరి ఆయన?"

"లోపల డ్రమ్ము చుట్టూ తిరుగుతున్నాడు. సాయంత్రం బడి గంట కొట్టినా బయటికి రాలేదు."